తడిసిన గొంగళి వాసన

మా నాన్నకు కోపం ముక్కు మీద, తెలివి ముక్కు లోపల అని మా అమ్మ ఆయన ఎదురుగానే అనేది. అందులో అబద్ధమేమీ లేదు. డుంబ్రిగుడ దాటి కొండెక్కితే వచ్చే మా ఊళ్ళో కాఫీ వేసిన ఇళ్ళన్నిటికీ కలిపి పళ్ళ తోలు తీసే యంత్రం ఒక్కటే. దాన్ని పల్పర్ అంటాం. అది మా పెరట్లో రేకుల పాక కింద ఉంటుంది. దాని మంచిచెడ్డలన్నీ నాన్నవే. కోసిన రోజే పళ్ళు అందులో ఆడించాలి, గింజల మీది జిగురు వదిలేదాకా తొట్టిలో పులియనివ్వాలి, తర్వాత కడగాలి. కడిగే సమయం వచ్చిందో లేదో వేరే ఊళ్ళవాళ్ళు గింజల్ని గుప్పిట్లో రుద్ది చూసుకుంటారు. మా ఊళ్ళో నాన్న తొట్టి మీదికి వంగి వాసన చూసేవాడు. "ఇంక సాలు, కడిగీండి" అనేవాడు. అంతే, కడిగేసేవారు.

నేను పుట్టిన ఊళ్ళోనే బడి టీచర్ని. పెళ్ళి చేసుకుని కూడా పక్క వీధి దాటి పోలేదు. అందుకని ఇదంతా ఎవరో చెప్పగా విన్నది కాదు, నా కళ్ళ ముందు జరిగింది.

ఏటా తొలి పళ్ళు కోసిన రోజున మా పెరట్లో ఊరంతా చేరుతుంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఆయన కళ్ళు తెరిచి పక్కకు తప్పుకున్నాక, ఇంకా కొండదేవతనే నమ్ముకున్న ఇళ్ళవాళ్ళు వచ్చి యంత్రానికి పసుపు బొట్టు పెడతారు. ఆ బొట్టు పాస్టరుగారికి కనపడదు, ఆ ప్రార్థన వీళ్ళకు వినపడదు. అలా సర్దుకుని చాలా కాలమైంది. ఈ రెండూ అయ్యాక నాన్న వంతు. ఆయన తలపాగా తీసి పక్కన పెట్టి, యంత్రంలో పళ్ళు పడే డ్రమ్ములోకి ముఖం దించి, ఊపిరి పీల్చేవాడు. ఎలుక తిరిగినా, తుప్పు పట్టినా, కిరోసిన్ చుక్క పడినా కాఫీ గింజ ఆ వాసనను పట్టేసుకుంటుంది. అందుకే ఈ పరీక్ష. ఆయన తలెత్తి "వాసన నేదు, ఎయ్యండి" అనేదాకా ఎవరూ ఒక్క పండు కూడా వేసేవారు కారు. గంపలు చంకన పెట్టుకుని అలాగే నిలబడేవారు.

అదే ముక్కు నా మాడు మీద కూడా పని చేసేది. నేను అరకులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో సెలవులకు వచ్చి జీపు దిగగానే, నాన్న నా తల దగ్గరికి లాక్కుని రెండు చేతులతో పట్టుకుని మాడు మీద ముక్కు ఆనించేవాడు. మా ఇంట్లో ముద్దంటే అదే. "పైన హాస్టల్ సబ్బు, కింద మా గుంట" అనేవాడు. గుంటంటే మా వైపు ఆడపిల్ల. పేలు పడ్డాయని కూడా ముక్కుతోనే కనిపెడతాడని అమ్మ వెక్కిరించేది. నేను తల్లినయ్యాక కూడా ఆయన ఆ అలవాటు మానలేదు. నాకు జ్వరం రాబోతోందని నాకన్నా ముందు ఆయనకే తెలిసేది.

మా కొండల్లో ఇనుముకు ఆయుష్షు తక్కువ. వానలు మొదలైతే వదలవు, వానలు వదిలితే మంచు పట్టుకుంటుంది. గోడకు తగిలించిన కొడవలి తీసి చూసేసరికి ఎర్రగా ఉంటుంది. ఇక నాన్న జీపు సంగతి చెప్పనే అక్కర్లేదు. సంత రోజున జనాన్ని డుంబ్రిగుడకు దింపి తీసుకొచ్చే పాత జీపు అది. అడుగు రేకు చిల్లులు పడిపోయి, కూర్చుంటే కాళ్ళ కింద రోడ్డు పరిగెత్తడం కనపడేది. సంతలో కోడిని కొన్నవాళ్ళు దాని కాలు ఎక్కడ చిల్లులో దూరుతుందోనని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నాన్న వాడేసిన ఇంజనాయిలు తెచ్చి జీపు కింద పూసేవాడు. ఒక్క వానకు అది కాస్తా కొట్టుకుపోయేది. ఆయన కోపం వాన మీద చూపించలేక మా మీద చూపించేవాడు.

మా తమ్ముడు విశాఖపట్నంలో హార్బరు వైపు లారీల షెడ్డులో మెకానిక్కు. అక్కడి ఉప్పుగాలి లారీల అడుగుభాగాన్ని నమిలి ఊసేస్తుందట. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు వాడు ఓ డబ్బా తెచ్చాడు. దోమల మందు డబ్బాలాగే మీట నొక్కితే తుంపర పడుతుంది.

"ఇది కొడితే ఇనుము తుప్పట్టదు నాన్నా. ఏటితో సేసినారో సెప్పు సూద్దాం" అని నాన్న అరచేతిలో కొట్టాడు. నెయ్యి రంగులో జిడ్డుగా ఉంది. నాన్న చేతులు రెండూ రుద్దుకుని, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గొంగళి" అన్నాడు. "వానలో తడిసిన గొంగళి."

తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు. అది గొర్రె బొచ్చులో ఉండే కొవ్వు, పేరు లానోలిన్ అని డబ్బా మీద చదివి చెప్పాడు. ఎంత వానలో తడిసినా గొర్రె చర్మం దాకా నీళ్ళు దిగకుండా కాపాడేది ఆ కొవ్వేనట. దాన్ని ఇనుముకు పూస్తే ఇనుమూ అంతే, నీళ్ళు అంటుకోవట. నాన్నకు ఇదంతా చదివి చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పుడు లంబసింగి వైపు పశువులు కాసేవాడు. కింది మైదానం నుంచి గొర్రెల్ని తోలుకొచ్చిన ఒక ముసలాయన, చలికి వణుకుతున్న ఈయన్ని చూసి తన పాత నల్ల గొంగళి ఇచ్చి పోయాడట.

"నీల్లు పైపైనే జారిపోయీవి. లోన ఎచ్చగుండీది. కంపు మాత్రం అడక్కండి" అని నవ్వాడు నాన్న.

ఆ సాయంత్రమే జీపు కింద వెల్లకిలా పడుకుని డబ్బా సగం ఖాళీ చేశాడు. బయటికి వచ్చేసరికి తల నుంచి కాళ్ళ దాకా గొర్రె కంపు. గొర్రెతో కాపరం సేత్తన్నట్టుందని అమ్మ ముక్కు మూసుకుంది. దుమ్ము అంటుకుని జీపు మాసిపోయింది కానీ, మొదటి వానకు నీళ్ళు చేమాకు మీద పడ్డట్టు పడి జారిపోయాయి. నాన్న గొడుగైనా లేకుండా నిలబడి అది చూశాడు. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు.

తమ్ముడు వెళ్ళేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "పల్పర్‌కి కాళ్ళకీ, బోల్టులకీ కొట్టుకో. పళ్ళు తగిలే డ్రమ్ముకి మాత్రం కొట్టకు నాన్నా. ఇది బేగి వదల్దు. కాపీకి పట్టీసుకుంటాది."

"నాకే సెప్తావేట్రా" అని కసిరాడు నాన్న. వాడు బస్సెక్కాక ఆ మాటనే ఊరందరికీ తను కనిపెట్టినట్టు చెప్పుకొచ్చాడు. కొన్ని పంటలు అలాగే గడిచాయి. జీపుకు, పల్పర్ కాళ్ళకు, పారలకు, గునపాలకు స్ప్రే కొట్టడం ఆయనకు వానాకాలానికి ముందు పండగలాంటిది అయిపోయింది. మా పెరడు ఏడాది పొడుగునా తడిసిన గొంగళి వాసన వేసేది. మాకు అలవాటైపోయింది.

ఆ ఏడు కూడా వానలకు ముందు నాన్న యంత్రాన్ని కడిగి, ఆరబెట్టి, స్ప్రే కొట్టి, పట్టా చుట్టి కట్టాడు. డ్రమ్ము లోపల కూడా కొట్టేశాడని మాకు తెలియదు. ఆయనకూ తర్వాత జ్ఞాపకం లేదు. పంట వచ్చాక పట్టా విప్పి, అందరం నీళ్ళు పోసి కడిగాం. ఇనుము మెరుస్తోంది. ప్రార్థన అయింది, బొట్టు పెట్టడం అయింది. నాన్న తలపాగా తీసి డ్రమ్ములోకి ముఖం దించాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపే ఉన్నాడు. తలెత్తి, "వాసన నేదు, ఎయ్యండి" అన్నాడు. మొదటి గంప పడింది. పక్కనే జీపు ఉంది, దానికీ అదే వాసన. అది ఏ ఇనుము మీంచి వస్తోందో విడదీసి చెప్పగలిగిన ముక్కు మా ఊళ్ళో ఒక్కటే. అది ఎయ్యండి అన్నాక మేమెందుకు అనుమానిస్తాం?

గింజలు ఎండి, బస్తాలు వెళ్ళిపోయాక కొన్నాళ్ళకు, ఏటా మా కాఫీ కొనే వాళ్ళ తరఫు పెద్దమనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు. నెమ్మదస్తుడు. మాట పెంచలేదు. మా గింజల్నే వేయించి పొడి చేసి వెంట తెచ్చాడు. అమ్మను వేడినీళ్ళు అడిగి, గ్లాసులో పొడి వేసి, నీళ్ళు పోసి, "మీరే చూడండి" అన్నాడు. ఊళ్ళోవాళ్ళు కొందరు అప్పటికే పోగయ్యారు. గ్లాసు చేతులు మారింది. నా చేతికి వచ్చినప్పుడు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాఫీ వాసన ముందు వచ్చింది. దాని వెనకాలే, ఎంత దాచినా దాగకుండా, తడిసిన గొంగళి. గ్లాసు నాన్న దగ్గరికి వెళ్ళింది.

నాన్న వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఓ గుటక తాగాడు.

"ఏటి తేడా? మంచి కాపీయే కదా" అన్నాడు.

"గొర్రె వాసన వస్తోంది పెద్దాయనా" అన్నాడు వచ్చినాయన.

"ఎక్కడొత్తంది? నాకు రాదే!" నాన్న అందరి ముఖాలూ చూశాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు గుంటా. నీకొత్తందా?"

రావట్లేదని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ అది ఊరందరి కాఫీ. "వత్తంది నాన్నా" అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చి ఉంటే బాగుండేది. ఆయన తన అరచేతులు వాసన చూసుకున్నాడు. పక్కనే నిలబడ్డ అమ్మ కొంగు అందుకుని వాసన చూశాడు. నడిచి వెళ్ళి జీపు బానెట్టు మీదికి వంగాడు. దాని మీద ఈమధ్యే మళ్ళీ స్ప్రే కొట్టాడు, నిలబడ్డ చోటికే మాకు గుప్పున కొడుతోంది. ఆయన బానెట్టుకు ముక్కు ఆనించి అలాగే ఉండిపోయాడు. నాన్న భయపడడం నేను పుట్టాక అదే మొదటిసారి చూశాను.

ఆ ఏటి కాఫీ పాడైనందుకు ఊళ్ళో ఎవరూ సణగలేదని చెప్పను. కానీ ఎక్కువమంది "వయసైపోనాది, అంతే" అని వదిలేశారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఆయనకన్నా పెద్దవాళ్ళు పక్కింటి పులుసులో ఉప్పు తక్కువైందని గోడ ఇవతల నుంచే చెబుతున్నారు. వయసుకీ దీనికీ సంబంధం ఏమిటి? తర్వాత ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఇల్లంతా పొగ. పొయ్యి మీద అంబలి అడుగంటి నల్లగా మాడిపోతోంది. నాన్న పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని చలి కాచుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వి, అంబలి ఇంకా ఉడకలేదన్నాడు.

ఇంకోసారి సంత నుంచి వస్తూ, జీవితమంతా తిరిగిన దారిలో, మా ఊరి మలుపు దగ్గర జీపు ఆపేశాడు. వెనకాల జనం ఉన్నారు. స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ, నాకు మాత్రమే వినపడేట్టు, "ఎటెల్లాలి గుంటా?" అన్నాడు. "కుడి పక్కకి నాన్నా" అన్నాను. ఆయన కుడికి తిప్పాడు. వెనకవాళ్ళకు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఆయన్ని జీపు తోలనివ్వలేదు.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరు చాలా ఓపికగా చెప్పారు. ఇది మతిమరుపు జబ్బు. కొందరిలో ముందు వాసన పోతుంది, మరుపు దాని వెనకాల వస్తుంది. నెమ్మదించడానికి మందులున్నాయి కానీ ఆపేవి లేవు. నాన్న అంతా విన్నాడు. లేచేటప్పుడు, "ఇనప సామాన్లకి గొర్రె కొవ్వున్నట్టు దీనికేటీ నేదా డాట్రుబాబూ?" అని అడిగాడు. డాక్టరుకు ఆ సంగతి తెలియదు కాబట్టి అర్థం కాలేదు. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆయన చెప్పులు తొడిగే నెపంతో వంగి కళ్ళు తుడుచుకున్నాను.

తను మరిచిపోతున్నానని తెలిసినన్నాళ్ళూ ఆయన ఆ డబ్బా చేతిలోంచి దించలేదు. తలుపు గొళ్ళేలకు కొట్టాడు, పెట్టె తాళాలకు కొట్టాడు. చర్చి దగ్గర గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్కకు కొట్టాడు. ఆదివారం దాన్ని మోగించిన పాస్టరుగారికి చేతులంతా జిడ్డు. అమ్మ బైబిలు సంచీ జిప్పును కూడా వదల్లేదు. ఆదివారం అమ్మ ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు జరిగి కూర్చునేవారు. వేరే రోజులైతే అమ్మ ఇల్లు పీకి పందిరి వేసేది. ఇప్పుడు ఒక్క మాట అనలేదు. ఏ వస్తువూ పోకూడదని ఆయన ఆరాటపడుతుంటే ఏమని తిడుతుంది?

ఇంక డబ్బాలు పంపొద్దని తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఫోన్లోనే ఏడ్చాడు. "అప్పా, నాను తెచ్చిన డబ్బా వల్లే కదే నాన్న పరువు పోనాది" అన్నాడు.

"డబ్బా ఏటి సేసిందిరా? అది నేకపోతే మనకి ఇంకా ఆలస్యంగా తెలిసీది" అన్నాను. వాడికి ధైర్యం చెప్పడానికే అన్నాను. ముందు తెలిసి మేము ఏం చేయగలిగామో నాకూ తెలియదు.

మళ్ళీ పంట వచ్చింది. ముందురోజు పొద్దున నేను పెరట్లోకి వెళ్ళేసరికి పక్కింటి ముసలమ్మ పల్పర్ డ్రమ్ములో తల పెట్టి ఉంది. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికినట్టు గబగబా వెళ్ళిపోయింది. కాసేపటికి ఇంకొకాయన వచ్చాడు, తర్వాత మరొకరు. ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి డ్రమ్ము వాసన చూసి వెళ్ళారు. పాస్టరుగారు కూడా వచ్చి, ఊరికే ఇటు వచ్చానన్నారు. నేను సరేనన్నాను.

మర్నాడు ప్రార్థన, బొట్టు అయ్యాక గంపలు పట్టుకుని అందరూ నిలబడ్డారు. ముసలమ్మే పిలిచింది. "రా బావా. నువ్వు సూసి సెప్తేనే ఏత్తాం."

నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. తలపాగా తీసి, వంగి, లేచి, అందరినీ ఒకసారి చూశాడు. అప్పటికి ఆయనకు చాలావరకు తెలిసే ఉండేది. వాళ్ళెందుకు పిలిచారో కూడా తెలుసుననుకుంటాను, కళ్ళు నిండిపోయాయి. "వాసన నేదు, ఎయ్యండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మా ఊరివాళ్ళ మీద నాకు సవాలక్ష కంప్లయింట్లు ఉన్నాయి. ఆ ఒక్క పొద్దుటికి మాత్రం అవన్నీ మాఫీ.

ఇదంతా జరిగి ఇప్పుడు కొన్నేళ్ళు. జీపు పాక కిందే ఉంది. స్ప్రే మహిమో ఏమో, కొత్తగా ఎక్కడా తుప్పు పట్టలేదు. నాన్నకు అది ఎవరి జీపో తెలియదు. నేనెవరో కూడా తెలియదు. బడి పిల్లలు పిలవగా విని, నన్ను "టీచరమ్మా" అంటాడు. మీరు అంటాడు. అన్నం పెడితే మర్యాదగా చేతులు జోడిస్తాడు. తిట్టినా పడతాను కానీ ఆ మర్యాద నావల్ల కాదు. ఆయన గుంటా అని ఒక్కసారి పిలిస్తే చాలునని రోజూ ఏదో వంకన ఆయన ముందు తిరుగుతూ ఉంటాను.

మొన్నటి పంటకు కూడా ఊరు పెరట్లో చేరింది. ప్రార్థన అయింది, బొట్టు అయింది. అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డ్రమ్ము దగ్గర నిలబెట్టింది. తలపాగా అమ్మే తీసింది. ఆయన నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక జనాన్ని చూస్తున్నాడు. గంపలతో అందరూ ఎదురుచూస్తున్నారు. ముసలమ్మ "సూడు బావా" అని మెల్లిగా అంది. ఆయన యంత్రాన్ని చేత్తో తడిమి ఊరుకున్నాడు.

ఇలా చూడాలని చూపిద్దామని నేను ముందుకు వెళ్ళి ఆయన ఎదురుగా డ్రమ్ము మీదికి వంగాను. "ఇలాగ నాన్నా" అన్నాను.

రెండు చేతులు వచ్చి నా తల పట్టుకున్నాయి. నా మాడు మీద ఆయన ముక్కు ఆనింది. హాస్టల్ నుంచి వచ్చి జీపు దిగినప్పుడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు, అదే పట్టు, అదే ఊపిరి. చేతులు మరిచిపోలేదు కదా, ఇంకొంచెం ఆగితే మిగతాది కూడా గుర్తొస్తుందేమో, ఆ మాట వస్తుందేమో అనుకున్నాను. ఆయన చాలాసేపు అలాగే వాసన చూశాడు.

తర్వాత నా తల వదిలేసి జనం వైపు తిరిగాడు.

"వాసన నేదు" అన్నాడు. "ఎయ్యండి."

మొదటి గంప పడింది. నేను తల ఎత్తలేదు.